పర్ఫార్మెన్స్ ఆర్ట్‌కి మార్కులు వేయమంటే ఎలా వేస్తారు?

రంగులడబ్బా · శనివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఒక ఇరకాటంలో పడ్డాను, సలహా కావాలి.

నేను బొమ్మలు వేస్తాను, బొమ్మలు నేర్పుతాను. నీటిరంగుల పోటీకి జడ్జిగా కూర్చోమంటే తడబడను. పోయిన ఏడాది ఒక విద్యార్థుల కళోత్సవంలో కొత్తగా "పర్ఫార్మెన్స్ ఆర్ట్" విభాగం పెట్టి, ముగ్గురు జడ్జీల్లో నన్నూ ఒకడిగా వేశారు. చేతికిచ్చిన షీటు ఇది: నైపుణ్యం 40, వేషం–అలంకరణ 20, సందేశం 20, ప్రేక్షకుల స్పందన 20. నాట్యం పోటీ షీటుకే పైన పేరు మార్చి ఇచ్చారని తర్వాత తెలిసింది.

అందులో ఒకమ్మాయి చేసింది చెబుతాను. ఖాళీ గది, ఒక కుర్చీ. ఒంటి మీద టీషర్టు, దాని పైన బూడిదరంగు ఊలు స్వెటర్. స్వెటర్ అంచున ఒక ముడి విప్పి దారం లాగడం మొదలుపెట్టింది. లాగిన దారాన్ని ఉండగా చుట్టుకుంటూ పోయింది. అంతే. మాట లేదు, సంగీతం లేదు. ఐదు గంటలు. మేం నలభై నిమిషాలు చూసి పక్క గదికి వెళ్లిపోయాం, చూడాల్సినవి ఇంకా ఏడున్నాయి. నేను నూటికి 31 వేశా. నైపుణ్యం దగ్గర 8. స్వెటర్ విప్పడంలో నైపుణ్యం ఏముంటుంది?

సాయంత్రం సంచీ మర్చిపోయి మళ్లీ ఆ గదిలోకి వెళ్లాల్సి వచ్చింది. అప్పటికి స్వెటర్ భుజాల దగ్గర బెత్తెడు మిగిలింది. ఊలు ఉండ ఫుట్‌బాల్ అంత అయింది. ఊడిన దారం అల్లిక వంకరల్ని ఇంకా మర్చిపోలేదు, ఉంగరాల జుట్టులా మెలికలు తిరిగి ఉంది. అమ్మాయి చూపుడువేలి పక్కన ఎర్రగా కందిపోయింది. పది పన్నెండు మంది గోడకి ఆనుకుని కూర్చున్నారు, ఒక్కరి చేతిలోనూ ఫోన్ లేదు. కుట్టు ఊడినప్పుడల్లా టిక్, టిక్ మని చిన్న చప్పుడు. పొద్దున కూడా ఉండే ఉంటుంది, నేను వినలేదు.

కాసేపు నిలబడి, మార్కులు ఎప్పుడో ఇచ్చేశానని గుర్తొచ్చి వచ్చేశా. ఆ 31 ఇప్పటికీ గుచ్చుతోంది.

ఈ ఏడాది మళ్లీ పిలిచారు. షీటు నన్నే రాసిమ్మన్నారు. మూడు వారాలు టైముంది. దేన్ని చూడాలి, దేనికి వేయాలి?

పిచ్చుకగూడు · శనివారం, రాత్రి 10:41

మాస్టారూ, కోపం తెచ్చుకోకండి, 31 ఎక్కువే.

స్వెటర్ ఎవరైనా విప్పుతారు. అల్లమనండి చూద్దాం. మీరు సాయంత్రం చూసింది దేవతావస్త్రాలు. పదిమంది నిశ్శబ్దంగా కూర్చుని ఉంటే పదకొండోవాడికి కూడా అక్కడేదో జరుగుతున్నట్టే అనిపిస్తుంది. వేలు కందడం కళైతే బట్టలుతికే ప్రతివాళ్లూ కళాకారులే.

వెనకబెంచి · శనివారం, రాత్రి 11:20

చిక్కు పేరు దగ్గరే మొదలైంది. మనకి "ప్రదర్శన కళలు" అంటే సంగీతం, నాట్యం, నాటకం. ఇంగ్లీషులో అవి పర్ఫార్మింగ్ ఆర్ట్స్. మీరడుగుతున్న పర్ఫార్మెన్స్ ఆర్ట్ వేరే ఇంటి బిడ్డ. ఇది ఎక్కువగా బొమ్మలు వేసేవాళ్ల, శిల్పాలు చెక్కేవాళ్ల మధ్య పెరిగింది. 1959లో న్యూయార్క్‌లోని ఒక గ్యాలరీలో "18 హ్యాపెనింగ్స్ ఇన్ 6 పార్ట్స్" చేసిన అలన్ కాప్రో చిత్రకారుడే. బొమ్మని గోడ మీద నుంచి దించి, గదంతా పరిచి, చివరికి మనుషుల్ని కూడా అందులో భాగం చేశారు.

అందుకే నాట్యం షీటు ఇక్కడ పనికిరాదు. నాటకంలో కత్తి అట్టది, రక్తం రంగునీళ్లు. అక్కడ బాగా నటించాడా అని అడగడం న్యాయం. ఇక్కడ కత్తి కత్తే. 1971లో క్రిస్ బర్డెన్ కాలిఫోర్నియాలో ఒక గ్యాలరీలో నిలబడి, ఓ పదిహేను అడుగుల దూరం నుంచి స్నేహితుడి చేత రైఫిల్‌తో తన ఎడమ చేతికి కాల్పించుకున్నాడు. చర్మం గీరుకుని పోతుందనుకున్న తూటా లోపలికే దిగింది. "ఎంత బాగా నటించాడు" అని అడగడానికి అక్కడ నటనే లేదు.

మాస్టారూ, మీ అమ్మాయి విప్పుతున్నట్టు నటించలేదు. విప్పింది.

పిచ్చుకగూడు · శనివారం, రాత్రి 11:34

అయితే తూటా తగిలించుకున్నవాడికి నూటికి నూరు. ఊలు విప్పినమ్మాయికి 31. ప్రమాదం ఎంతో మార్కులంతా? సర్కస్‌లో సింహం నోట్లో తల పెట్టేవాడు ఏం పాపం చేశాడు?

వెనకబెంచి · శనివారం, రాత్రి 11:39

ప్రమాదానికి మార్కులని నేననలేదు. అది నిజంగా జరిగే పని అన్నానంతే. సర్కస్ వాడి పని మనల్ని "అమ్మో" అనిపించడంతో అయిపోతుంది. బర్డెన్ పనిలో "అమ్మో" తర్వాత ఇంకొకటి మిగులుతుంది. గదిలో ఉన్నవాళ్లు ఎందుకు ఆపలేదు? టీవీలో యుద్ధం వార్తలు రోజూ చూస్తున్న కాలం అది. తెర మీద తూటాలకి అలవాటు పడ్డవాళ్ల ఎదురుగా ఒక్క తూటా పేల్చాడు.

అయినా నాకూ అది గొప్ప పని అనిపించదు. ఒక్క క్షణంలో తేలిపోయేది, తర్వాత చెప్పుకోవడానికే ఎక్కువ పనికొచ్చేది.

గడియారంముల్లు · ఆదివారం, ఉదయం 7:05

నా పేరు చూస్తే నేనెవరి గురించి రాస్తానో తెలిసిపోతుంది. తెచింగ్ షే. ఈయన గురించి నేను గంటలకొద్దీ మాట్లాడగలను, ఇంట్లో ఎవరూ వినరు, మీరు వినాలి.

తైవాన్ మనిషి. 1974లో ఓడ దిగిపోయి, అప్పట్లో అమెరికాలో కాగితాలు లేకుండా బతుకుతున్నాడు. 1980 ఏప్రిల్ 11న మొదలుపెట్టి సరిగ్గా ఏడాది పాటు, గంటకోసారి, పనివాళ్లు వచ్చిన టైముని కార్డు మీద అచ్చేసే ఫ్యాక్టరీ టైమ్ క్లాక్‌లో కార్డు పంచ్ చేశాడు. రోజుకి 24 సార్లు. పగలూ రాత్రీ. అంటే ఏడాదిలో 8,760 సార్లు. పంచ్ చేసిన ప్రతిసారీ సినిమా కెమెరాతో ఒక్క ఫ్రేమ్. మొదటి రోజు గుండు కొట్టించుకున్నాడు, టైము గడుస్తోందని జుట్టే చెప్పేలా. ఆ ఏడాది మొత్తం కలిపితే ఆరు నిమిషాల సినిమా. అందులో మనిషి వణుకుతున్నట్టు కనిపిస్తాడు, జుట్టు భుజాల దాకా పెరుగుతుంది.

ఒక్కసారి ఊహించుకోండి. నియమం ప్రకారం ఏడాదిలో ఏ రాత్రీ ఒక్క విడతలో గంటకి మించి నిద్రపోకూడదు. మళ్లీ గంటలోపు తిరిగి రావాలి కాబట్టి అరగంట ప్రయాణానికి మించి ఎక్కడికీ పోలేడు. చేసిన పని మాత్రం మీట నొక్కడం, పిచ్చుకగూడు గారి ఇంట్లో చిన్నపిల్లాడు కూడా చేస్తాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇది: 133 సార్లు తప్పాడు. దాచలేదు. కాగితం మీద లెక్క రాసిపెట్టాడు, 94 సార్లు నిద్ర పట్టేసింది, 29 సార్లు ఆలస్యం, 10 సార్లు ముందే నొక్కాడు. కార్డుల మీద సాక్షి సంతకాలు.

మాస్టారూ, షీటులో నైపుణ్యం కొట్టేసి "నియమం" అని రాయండి. మనిషి తనకి తాను ఏం నియమం పెట్టుకున్నాడు, దానికి ఎంత కట్టుబడ్డాడు, తప్పినచోట ఏం చేశాడు.

లెక్కలపుస్తకం · ఆదివారం, ఉదయం 9:48

ఒక సందేహం. గంటగంటకీ మీట నొక్కుతుంటే ఎవరు చూశారు? కొన్ని రోజులు జనాన్ని రానిచ్చినా ఏడాదంతా చూసినవాడు లేడు కదా. మనం మెచ్చుకుంటున్నది కార్డుల్ని, ఫోటోల్ని. పనిని కాదు.

కాగితాల్ని బట్టి మార్కులు వేస్తే మోసం సులువు. 1960లో ఈవ్ క్లెయిన్ గోడ మీద నుంచి గాల్లోకి దూకుతున్న ఫోటో ఉంది, చాలా పేరున్నది. కింద ఖాళీ వీధి. నిజానికి కింద స్నేహితులు టార్పాలిన్ పట్టుకున్నారు, వాళ్లని తీసేసి వీధి ఫోటో అతికించారు.

గడియారంముల్లు · ఆదివారం, ఉదయం 10:15

అందుకే కదండీ సాక్షి సంతకాలు! షే కాగితాలు పని జరిగిందని చెప్పే రుజువు. క్లెయిన్ ఫోటోలో అయితే ఫోటోనే పని. రెంటినీ ఒక గాటన కట్టకూడదు.

ఇంకో కొసకి వెళితే టీనో సేగల్ ఉన్నాడు. ఫోటో తీయనివ్వడు, వీడియో వద్దంటాడు, వివరించే అట్టముక్క కూడా పెట్టనివ్వడు. మ్యూజియంలు ఆయన పనుల్ని కొన్నాయి కూడా, న్యూయార్క్ మోమా మ్యూజియం కొన్నది, ఇద్దరు మనుషులు కౌగిలించుకుని మెల్లగా కదిలే "కిస్" అనే పని. కాగితం లేకుండా, నోటరీ ముందు నోటిమాటగా ఒప్పందం. చూసినవాళ్లకే ఉంది, లేనివాళ్లకి లేదు.

పిచ్చుకగూడు · ఆదివారం, ఉదయం 10:22

కాగితం లేని అమ్మకం! ఇదొక్కటి మాత్రం పర్ఫార్మెన్సే, ఒప్పుకుంటా.

తడిమట్టి · ఆదివారం, మధ్యాహ్నం 3:30

చాలాకాలంగా చదువుతున్నా, రాయడం తక్కువ. నేను ఇలాంటివి నాలుగు చేశాను. లోపలివైపు నుంచి చెబుతాను.

ఒకసారి పిడికిలంత మంచుగడ్డని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాను, కరిగేదాకా. వింటే పెద్ద పనేం కాదు. మొదటి ఐదు నిమిషాలు నొప్పి. తర్వాత నొప్పి పోయి మొద్దుబారడం, అది ఇంకా భయం. తర్వాత వచ్చేది నేను అనుకోనిది. మంచు చేతుల ఆకారంలోకి దిగిపోయింది. వేళ్ల మధ్య సందుల్లో నాలుగు గట్లలాగా లేచింది. ఎవరు ఎవరిని పట్టుకున్నారో తెలియని స్థితి. చూస్తున్నవాళ్లలో ఒక పెద్దావిడ తన రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది. తనకి తెలియకుండానే. అప్పుడు నాకు తెలిసింది, పని నా చేతుల్లో లేదు, ఆవిడ చేతుల్లోకి వెళ్లిందని.

సగంలో నిర్వాహకులొకరు వచ్చి నా పక్కన ఒక బోర్డు పెట్టారు. "కరిగిపోతున్న సంబంధాలకు ప్రతీక" అని. నేనలా రాసివ్వలేదు, నన్ను అడగనూ లేదు. ఆ క్షణం నుంచి వచ్చినవాళ్లు ముందు బోర్డు చదివి, "ఓహో" అని తలూపి, ఫోటో తీసుకుని వెళ్లిపోయారు. ఆ పెద్దావిడ బోర్డు రాకముందు వచ్చింది కాబట్టి బతికిపోయింది.

మాస్టారూ, మీ షీటులో "సందేశం 20" ఉంది చూశారా, అదే ఈ బోర్డు. సందేశానికి మార్కులు ఉన్నాయంటే పిల్లలు బోర్డు రాసి దానికి తగ్గ పని వెతుక్కుంటారు. దయచేసి ముందు అది తీసేయండి.

రంగులడబ్బా · ఆదివారం, సాయంత్రం 6:02

తడిమట్టి గారూ, పోయినసారి ఎనిమిది ఎంట్రీల్లో ఐదింటికి బోర్డులున్నాయి. స్వెటర్ అమ్మాయికి లేదు. సందేశం దగ్గర ఆమెకి నేను వేసింది 5.

సందేశం తీసేశాను. వేషం కూడా. ఇంకా ప్రేక్షకుల స్పందన మిగిలింది.

నీలిసిరా · ఆదివారం, రాత్రి 8:17

ప్రేక్షకుల స్పందన అన్నారు కాబట్టి. అది ఎంత మోసకారి కొలతో చెప్పడానికి రెండు ఉదాహరణలు.

1974, నేపుల్స్. మరీనా అబ్రమోవిచ్ బల్ల మీద 72 వస్తువులు పెట్టి, వీటితో నన్ను ఏమైనా చేయొచ్చు, బాధ్యత నాది అని రాసి, ఆరు గంటలు కదలకుండా నిలబడింది. గులాబీ ఉంది, ఈక ఉంది, కత్తెర, బ్లేడు, తుపాకీ, ఒక తూటా కూడా ఉన్నాయి. మొదట్లో పూలు చేతికిచ్చారు. తర్వాత బట్టలు కత్తిరించారు, చర్మం గీశారు, ముళ్లు గుచ్చారు. తూటా నింపిన తుపాకీ ఆమె మీదికే గురిపెట్టారు, అక్కడ గుంపులోనే గొడవైంది. ఆరు గంటలయ్యాక ఆమె కదిలి వాళ్లవైపు నడిస్తే జనం పారిపోయారు. ఆవిడే చెప్పిన మాట ఇది. దీన్ని ప్రేక్షకుల స్పందన కింద ఇరవైకి ఎంత వేస్తారు?

రెండోది 1992. కోకో ఫుస్కో, గిల్లెర్మో గోమెజ్-పెన్యా బోనులో కూర్చున్నారు, ఎవరికీ తెలియని దీవి నుంచి తెచ్చిన ఆదివాసులమని. పూర్వం నిజంగానే మనుషుల్ని అలా బోనుల్లో చూపించేవారు కదా, ఆ చరిత్రని ఎత్తిపొడవడం వాళ్ల ఉద్దేశం. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, టీవీ చూస్తూ, కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నా చూడవచ్చినవాళ్లలో చాలామంది నిజమని నమ్మేశారు! జనం "తప్పుగా" స్పందించారు. ఆ తప్పే ఆ పనికి ఊపిరి అయింది.

చప్పట్లు లెక్కపెట్టే షీటు రెండింటికీ సున్నా వేస్తుంది.

పిచ్చుకగూడు · ఆదివారం, రాత్రి 9:00

నీలిసిరా, నువ్వు చెప్పిన మొదటిది నాకు కళలా కాదు, ఒక మనిషిని గుంపుకి వదిలేసినట్టు ఉంది. అక్కడ ఎవరైనా ఆ తుపాకీ నొక్కి ఉంటే ఏమనేవాళ్లం?

నీలిసిరా · ఆదివారం, రాత్రి 9:14

గట్టి ప్రశ్న వేశావు, తప్పించుకోను. తన ఒంటి మీద తను పెట్టుకున్న ప్రమాదం వేరు, ఇంకొకడి ఒంటి మీద పెట్టింది వేరు. 1999లో హవానాలో శాంటియాగో సియెర్రా పనిలేని ఆరుగురు కుర్రాళ్లకి తలా 30 డాలర్లిచ్చి, వాళ్ల వీపుల మీదుగా ఒకే గీత పచ్చబొట్టు వేయించాడు, 250 సెంటీమీటర్లు. పేదరికంలో మనిషి ఒంటికి ఏం ధర పలుకుతుందో చూపించాడంటారు. చూపించాడు, నిజమే. అయితే ఆ గీత ఇప్పటికీ వాళ్ల వీపుల మీదుంది, పేరు మాత్రం ఆయనది. నేను జడ్జినైతే దీన్ని గొప్ప పని అని ఒప్పుకుని కూడా బహుమతి ఇవ్వను. రెండూ ఒకే నోటితో అనొచ్చని నా ఉద్దేశం.

వెనకబెంచి · ఆదివారం, రాత్రి 9:31

విద్యార్థుల పోటీలో అయితే ఇది మార్కుల విషయం కూడా కాదు, ముందే గేటు దగ్గర ఆపాల్సిన విషయం. ఎవరికి దెబ్బ తగలొచ్చు, వాళ్లు ఒప్పుకున్నారా, మధ్యలో వద్దంటే ఆపే దారి ఉందా. దాటితేనే లోపలికి.

పిచ్చుకగూడు · సోమవారం, ఉదయం 6:50

రాత్రి నిద్ర పట్టలేదు, మీ వల్లే. సరే, నా తరఫున ఒక పరీక్ష చెబుతాను, తిట్టేవాళ్లు తిట్టండి.

పనిని ఒక్క వాక్యంలో రాయండి. "ఒకమ్మాయి తను వేసుకున్న స్వెటర్‌ని ఐదు గంటలు విప్పింది." ఇప్పుడు ఆ వాక్యం విన్నవాడికీ, ఐదు గంటలు కూర్చున్నవాడికీ తేడా ఏమైనా ఉందా? తేడా లేకపోతే సున్నా, వాక్యమే చాలు, మనుషుల టైము తినొద్దు. తేడా ఉంటే ఆ తేడాకే మార్కులు.

తడిమట్టి గారి మంచుగడ్డ వాక్యంలో ఆ పెద్దావిడ చంకలు లేవు. మాస్టారి వాక్యంలో టిక్ టిక్ లేదు. ఆ మాత్రం నేనూ చూశాను.

నీలిసిరా · సోమవారం, ఉదయం 8:25

పొద్దున్నే ఇంత మంచి మాట నీ నోట వింటాననుకోలేదు.

దీనికి సరిగ్గా సరిపోయేది యోకో ఓనో "కట్ పీస్". 1964లో జపాన్‌లో మొదట చేసింది. వాక్యం: ఆమె వేదిక మీద కూర్చుంటుంది, జనం ఒక్కొక్కరే వచ్చి కత్తెరతో ఆమె బట్టల్లో ఒక ముక్క కోసుకుని వెళ్తారు. 1965లో న్యూయార్క్‌లో చేసినప్పుడు తీసిన ఫిల్ము ఉంది, చూడండి. మొదట వచ్చినవాళ్లు మొహమాటంగా అంచునో, చేతి దగ్గరో చిన్న ముక్క కోస్తారు. తర్వాత ఒక కుర్రాడు వస్తాడు. తాపీగా, నవ్వుకుంటూ, లోపలి బట్ట కూడా కోసి, చివరికి భుజం మీది పట్టీలు కత్తిరిస్తాడు. అంతసేపూ శిలలా ఉన్న ఆమె కళ్లు అటూ ఇటూ కదులుతాయి, చేతులు లేచి గుండెని కప్పుకుంటాయి. ఆ కళ్లు కదలడం వాక్యంలో లేదు. ఎవరూ ముందుగా రాయలేరు కూడా, ఆమెతో సహా.

లెక్కలపుస్తకం · సోమవారం, ఉదయం 9:10

పరీక్ష బాగుంది కానీ ఎదురు ఉదాహరణ ఉంది. 2002లో ఫ్రాన్సిస్ అలిస్ పెరూలో లిమా నగరం పక్కన ఐదువందల మందికి పారలిచ్చి ఒక పెద్ద ఇసుకదిబ్బని ఒక వరుసలో తవ్వుకుంటూ పొమ్మన్నాడు. దిబ్బ మొత్తం కొన్ని అంగుళాలు పక్కకి జరిగింది. రోజంతా ఎండలో నిలబడి చూసినా వాక్యంలో ఉన్నదానికన్నా పెద్దగా ఏం కనిపించదు. నిజానికి ఆయనకి కావలసిందే ఆ వాక్యం. నోటి నుంచి నోటికి పోయే కథగా మిగలాలనే చేశాడు. పిచ్చుకగూడు గారి లెక్కలో ఇది సున్నా. నా లెక్కలో చాలా పెద్ద పని.

పిచ్చుకగూడు · సోమవారం, ఉదయం 9:26

పార పట్టినవాళ్లని అడిగారా? చూసినవాడికి తేడా లేకపోవచ్చు, తవ్వినవాడి నడుముకి ఉంటుంది. ఐదువందల నడుములు. నా పరీక్ష నెగ్గింది.

లెక్కలపుస్తకం · సోమవారం, ఉదయం 9:28

…ఇది తొండి.

తడిమట్టి · సోమవారం, ఉదయం 11:00

తొండి కాదండీ, నాకు నిజమే అనిపించింది. తేడా ఎవరిలో వస్తుందో ముందే తేల్చేయకూడదు. చేసినవాళ్లలో రావచ్చు, చూసినవాళ్లలో, కథ విన్నవాళ్లలో. జడ్జి వెతకాలి.

నియమం విషయంలో మాత్రం గడియారంముల్లు గారితో నాకు చిన్న పేచీ. నియమం గట్టిగా పట్టుకోవడం సులువండీ, మొండితనం ఉంటే చాలు. ఏ నియమం పెట్టుకున్నాడన్నది కష్టం. ఒంటికాలి మీద నాలుగు గంటలు నిలబడ్డ కుర్రాడిని చూశాను, చివరిదాకా నిలబడ్డాడు, పాపం. మొదటి నిమిషంలో ఏం తెలిసిందో నాలుగో గంటలోనూ అంతే తెలిసింది, కాలు వణకడం తప్ప. షే పెట్టుకున్న నియమంలో ఫ్యాక్టరీ ఉంది, జీతం లేని పని ఉంది, కాగితాల్లేని మనిషి తన ఉనికికి తనే రసీదు రాసుకోవడం ఉంది. ఎవరూ బోర్డు పెట్టకుండానే.

గడియారంముల్లు · సోమవారం, మధ్యాహ్నం 12:40

ఒప్పుకుంటున్నా. "తన ఉనికికి రసీదు", ఈ మాట నేను దొంగిలిస్తా, చెప్పి మరీ.

కొత్తచెప్పులు · సోమవారం, మధ్యాహ్నం 2:05

కొత్త సభ్యురాలిని. 2010లో మోమాలో అబ్రమోవిచ్ దాదాపు మూడు నెలలు, మొత్తం ఏడువందల గంటలపైనే, కుర్చీలో కూర్చుంటే ఎదురుగా కూర్చున్న చాలామంది ఏడ్చారు కదా. ఆ ఏడుపు లెక్కలోకి రాదా? నేను వీడియోలు చూసి ఏడ్చాను.

పిచ్చుకగూడు · సోమవారం, మధ్యాహ్నం 2:19

అమ్మా, అప్పటికి ఆవిడకి ఎంత పేరుందో చూడు. గంటలు గంటలు క్యూలో నిలబడి, ఇంత పేరున్న మనిషి కళ్లల్లోకి చూస్తే నేనూ ఏడుస్తానేమో. అదే కుర్చీలో నేను కూర్చుంటే నువ్వు వస్తావా?

కొత్తచెప్పులు · సోమవారం, మధ్యాహ్నం 2:23

మీరు మాట్లాడకుండా కూర్చుంటానంటే వస్తా.

నీలిసిరా · సోమవారం, మధ్యాహ్నం 2:24

😂 తల్లీ, ఈ వేదికకి స్వాగతం.

పిచ్చుకగూడు అన్నదాంట్లో కొంత ఉంది. పేరు కూడా ఆ గదిలో ఒక వస్తువే, బల్లా కుర్చీల్లాగే. అది లేకుండా పని ఎంత నిలబడుతుందో విడిగా చూడాలి. విద్యార్థుల పోటీలో ఆ బెడద లేదు, ఎవరికీ పేరు లేదు. మాస్టారు అదృష్టవంతులు.

రంగులడబ్బా · సోమవారం, రాత్రి 10:55

అందరికీ రుణపడ్డాను. షీటు రాశాను. ముందు వెనకబెంచి గారి గేటు. తర్వాత జడ్జి మూడు ప్రశ్నలకి మాటల్లో జవాబు రాయాలి. పనిని ఒక్క వాక్యంలో చెప్పండి. ఆ వాక్యంలో లేనిది ఏం జరిగింది, ఎవరికి? మొదటి పది నిమిషాలకీ చివరి పది నిమిషాలకీ మధ్య ఏం మారింది? అవి రాశాకే నూటికి ఒక అంకె. జడ్జి మధ్యలో లేచి వెళితే ఎంతసేపు లేడో కూడా షీటు మీద రాయాలి, ఇది షే దగ్గర కొట్టేసింది.

ఎనిమిది పనులు ఐదేసి గంటలంటే ముగ్గురం ఎలా కూర్చోవాలో చూడాలి. నిర్వాహకులతో మాట్లాడి రెండు రోజులకి సర్దించాలి, పనుల్ని నాలుగుకి తగ్గించమనాలి.

రంగులడబ్బా · ఆదివారం, రాత్రి 9:20 (మూడు వారాల తర్వాత)

అయిపోయింది. ఏం జరిగిందో చెప్పాలి కదా.

నాలుగు పనులకి ఒప్పుకున్నారు. మూడోది ఒక కుర్రాడిది. పాత తలుపుని గదిలో నిలువుగా పెట్టి, పూసి ఉన్న పెయింట్‌ని గోళ్లతో, తర్వాత చిన్న బ్లేడుతో గీరుతూ పోయాడు. పైన నీలం, కింద ఆకుపచ్చ, దాని కింద గోధుమరంగు. రంగు పొట్టుని రంగులవారీగా మూడు కుప్పలు పెట్టాడు. నాలుగో గంటలో, తాళం పక్కన, ఏ రంగూ లేని చిన్న చోటు బయటపడింది, చెయ్యి పడి పడి అరిగిన చెక్క. అందరూ ముందుకి వంగి చూశారు. అతను మాత్రం అక్కడ ఆగిపోయాడు. తలుపులో ఇంకా సగం ఉంది, మిగతా టైమంతా ఆ అరిగిన చోట చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

నేను 85 వేశాను. రెండో జడ్జి 22. ఆవిడ షీటులో రాసింది చూస్తే నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది: "మొత్తం గీరుతానని మొదలుపెట్టి, అందం దొరకగానే ఆపేశాడు. నియమం కన్నా ఫలితం ముద్దయింది." మూడో ఆయన 60. సగటు 55.67. ముగ్గురం 64, 66, 65 వేసిన ఇంకో పనికి మొదటి బహుమతి వెళ్లింది. అది చక్కగా ఉంది. దాని గురించి ఇప్పుడు రాద్దామంటే ఏం గుర్తు రావట్లేదు.

లెక్కలపుస్తకం · ఆదివారం, రాత్రి 9:41

సగటు తీయడమే తప్పు మాస్టారూ. 85కీ 22కీ మధ్య ఉన్న దూరమే ఆ పని గురించి చెప్పేది, మీరు దాన్ని భాగహారంతో చెరిపేశారు. వచ్చేసారి ముగ్గుర్నీ గదిలో పెట్టి తలుపేయండి, మాట్లాడుకుని ఒక పేరుతో బయటికి రమ్మనండి.

తడిమట్టి · ఆదివారం, రాత్రి 9:58

ఆ రెండో జడ్జి గారు రాసిన వాక్యం ఆ అబ్బాయికి చూపించారా? నాకు ఎవరైనా అలా రాసిచ్చి ఉంటే బహుమతి అక్కర్లేదు.

రంగులడబ్బా · ఆదివారం, రాత్రి 10:03

మూడు షీట్లూ కాపీ తీసి ఇచ్చాం. ముందు 22 చూసి ముఖం మాడ్చుకున్నాడు. తర్వాత వెళ్లి ఆవిడతో అరగంట వాదించాడు, చేతులూపుతూ. ఏమన్నాడో వినలేదు.

పిచ్చుకగూడు · ఆదివారం, రాత్రి 10:10

అంతా బాగుంది. ఒక్కటి అడుగుతా, నిజం చెప్పండి. ఐదు గంటలూ కూర్చున్నారా?

రంగులడబ్బా · ఆదివారం, రాత్రి 10:12

రెండో గంటలో పదకొండు నిమిషాలు లేను. నిద్ర కాదు, ఫోన్ వచ్చింది. షీటు మీద రాశా.

గడియారంముల్లు · ఆదివారం, రాత్రి 10:13

సాక్షి సంతకం ఉందా?